నాలుగో లేత్ మీద పరదేశి

మా మిషన్ షాపులో పరదేశి అంటే మనిషి కాదు. కంపెనీ లేత్ మీద, కంపెనీ ఉక్కుతో, మధ్యాహ్నం భోజనం అరగంటలో చేసుకునే సొంత పని. పక్కింటి ముసలామె చేతికర్ర అడుగున తొడుగు, క్రికెట్ క్లబ్బు రోలరుకి ఇరుసు, ఎవరి పెళ్ళికో ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, ఇవన్నీ పరదేశులే. ఆ పేరు ఎందుకొచ్చిందో మా ఊరు హాలిఫాక్స్‌లో ఎవరినడిగినా చెప్పలేరు. మా నాన్న రోజుల్లో ఉంది, ఆయన నాన్న రోజుల్లోనూ ఉంది. "ఏంటిరా అది?" అంటే "పరదేశి" అంటారు. అడిగినవాడు తల తిప్పుకుని తన దారిన పోతాడు. ఎవరి కోసమని అడగరు, అడిగినా చెప్పరు.

ఎవరూ కాగితం మీద పెట్టని ఆ మాటను పెన్సిల్ పట్టుకుని పదకొండుసార్లు రాసిన ఘనత నాది. ఇంజనీరింగ్ చదువుతూ రాశాను.

అది 2011. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పంపుల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ గదిలో పద్నాలుగేళ్ళుగా కొలతలు చూస్తున్నాను. నేను మైక్రోమీటర్ పట్టుకోవడం నేర్పిన ముగ్గురు కుర్రాళ్ళు వరసగా నాకు పై అధికారులయ్యారు. వాళ్ళ దగ్గర డిగ్రీ ఉంది, నా దగ్గర లేదు, అంతే తేడా. అంతకు మూడేళ్ళ ముందు, మూడో కుర్రాడికి నేర్పడం పూర్తయిన వారంలోనే కాలేజీకి వెళ్ళి ఇంజనీరింగ్ ఫౌండేషన్ డిగ్రీలో చేరాను. వారంలో నాలుగు రోజులు పని, బుధవారం చదువు. ఫీజు కంపెనీదే. అసలు డిగ్రీలో మూడింట రెండు వంతులు ఉంటుంది, దాన్ని మూడేళ్ళపాటు సాగదీసి చదవాలి.

నా భర్త క్లైవ్ దాన్ని "నీ పునాది" అనేవాడు. నేను పుస్తకం తెరిచినప్పుడల్లా వెనక నుంచి తొంగిచూసి, "ఎంతవరకొచ్చింది పునాది? గోడలు లేపుతారా, అట్నే వదిలేస్తారా?" అనేవాడు. అని టీ కప్పు నా ముందు పెట్టి, చప్పుడు కాకుండా టీవీ గదిలోకి పోయేవాడు. అతను అదే ఫ్యాక్టరీలో లేత్ తిప్పే టర్నరు. ఇరవయ్యేడేళ్ళుగా నాలుగో లేత్ అతనిదే.

ఆఖరి టర్ములో ప్రతివాళ్ళూ తమ పనిచోట ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. కరెంటు ఎక్కడ దండగవుతోందో కనిపెడతానని నేను రాసిచ్చాను. కాలేజీ నుంచి తొమ్మిది కరెంటు మీటర్లు తెచ్చి తొమ్మిది లేత్‌లకి తగిలించాను. ఒకటో లేత్ ఏనాడో మూలపడింది కాబట్టి రెండోదానికి ఎ, మూడోదానికి బి, నాలుగోదానికి సి అని పేర్లు పెట్టుకున్నాను. ఆరు వారాలపాటు రోజూ సాయంత్రం మీటరు గీసిన గీత చూడాలి, గీత ఎక్కడ లేచిందో అక్కడ ఎందుకు లేచిందో పక్కన రాయాలి.

మొదటి వారంలోనే తెలిసిపోయింది. పన్నెండూ పదికి తొమ్మిది గీతల్లో ఎనిమిది పడుకునేవి. సి మాత్రం లేచేది.

ఆ రోజు సాయంత్రం బఠాణీలు, మాంసం పెట్టి కాల్చిన పై రొట్టె తింటుండగా అన్నాను. "క్లైవ్, భోజనం టైములో నీ మిషను గీత కొండెక్కుతోంది."

"ఎక్కనీ. కిందనే ఉండి ఏం చేస్తుంది?"

"నవ్వులాట కాదు. మీటర్లున్న ఆరు వారాలు మానెయ్యవా?"

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఎవరికో." బఠాణీల మీద పుదీనా సాసు పోసుకున్నాడు. "పెద్ద పని బెవ్. వేసవికి కావాలంట. నా మిషను మీద మీటరు పీకెయ్, గొడవే లేదు."

పీకేద్దామనే అనుకున్నాను. బుధవారం కాలేజీలో మా లెక్చరర్ హెలివెల్‌ని అడిగాను కూడా. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, "తొమ్మిదని రాసిచ్చి ఎనిమిది చూపిస్తే తొమ్మిదోదేదని అడుగుతారు. ఏం చెబుతావు? నచ్చిన అంకె ఉంచుకుని నచ్చంది పారేసే పని రాజకీయ నాయకులది బెవర్లీ, మనది కాదు" అన్నాడు.

ఆ మాట చాటున నేను దాక్కున్నాను. అసలు సంగతి వేరే ఉంది, ఇప్పుడు దాచి చేసేదేమీ లేదు. సి లేకుండా నా ప్రాజెక్టు చూపించే ఆదా ఏడు శాతం. సి ఉంటే పదకొండు. ఏడు శాతం ఏ కుర్రాడైనా చూపిస్తాడు. పదకొండుకి డిస్టింక్షన్ వస్తుంది. నాకు డిస్టింక్షన్ కావాలి. ఆ ముగ్గురు కుర్రాళ్ళకీ లేనిది నాకుండాలి. మీటరు అక్కడే ఉంచాను.

రిపోర్టులో జాగ్రత్తగానే రాశాను. మిషన్ల నంబర్లు ఎక్కడా లేవు, అక్షరాలే. ఏ అక్షరం ఏ మిషనో ఎక్కడా చెప్పలేదు. క్లైవ్ పనికి "భోజన విరామంలో వివరం తెలియని వాడకం" అని పెద్ద పేరు పెట్టాను. కానీ మీటరు దగ్గర నిలబడి చేత్తో రాసిన అసలు కాగితాలు కూడా వెనక జతచేయాలని కాలేజీ నిబంధన. ఇరవై నాలుగు కాగితాలు, నూనె మరకలతో సహా ఉన్నవున్నట్టు పెట్టి కుట్టించాను. వాటి మార్జిన్లలో నాకోసం నేను ఏం గిలికానో ఒక్కసారి చదువుకోవాలని తోచలేదు. రోజూ రాసే మాట కంటికి ఆనలేదు.

కుట్టిన రిపోర్టు మీద పనిచోట పెద్దదిక్కుగా ప్రొడక్షన్ మేనేజరు సంతకం ఉండాలి. మేనేజరు స్టువర్ట్ ఐన్లీ మావాడే. అతనూ క్లైవ్ ఒకే ఏడు అప్రెంటిసులుగా చేరారు. అతను మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళాడు, క్లైవ్ కిందే ఉండిపోయాడు. నేను రిపోర్టు తీసుకెళ్తే మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, మధ్యవన్నీ బొటనవేలితో పరపరా తిప్పాడు.

"అంతా బానే ఉందిగా?"

"ఒకసారి చదివితే బావుంటుంది స్టువర్ట్."

"నువ్వు రాశాక నేను చదివేదేముంది తల్లీ? మా అందరికన్నా నీకే బుర్రెక్కువ." సంతకం పెట్టాడు. "ఒక కాపీ హెడ్డాఫీసుకి కూడా కొడతా. ఫీజు కట్టింది వాళ్ళేగా, చూసి మురిసిపోనీ."

హెడ్డాఫీసు దక్షిణాన ఎక్కడో ఉంది. మా ఫ్యాక్టరీని కొని అప్పటికి రెండేళ్ళయింది. వాళ్ళు వచ్చీ రాగానే చేసిన పని గేటు దగ్గర బోర్డు పెట్టడం. తుక్కు ముక్క బయటికి పోయినా దొంగతనమే అని దాని సారాంశం. అందరం నవ్వుకున్నాం. తర్వాత క్రిస్మస్ ముందు పెయింట్ షాపు డెరెక్ విరిగిన చెక్కపలక ఒకటి పొయ్యిలోకని కారులో వేసుకుంటే ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. నవ్వు ఆగిపోయింది గానీ పరదేశులు ఆగలేదు. కాస్త గుడ్డ కప్పుకుని తిరిగేవి, అంతే.

ఈస్టర్ అయిన వారం నాకు ఉత్తరం వచ్చింది. నా విద్యా నివేదికలో సాటి ఉద్యోగులను కించపరిచే, జాతి వివక్షతో కూడిన వ్యాఖ్యలున్నట్టు హెడ్డాఫీసు దృష్టికి వచ్చిందట. గురువారం పదింటికి విచారణకు హాజరుకావాలట. రెండుసార్లు చదివాను, అర్థం కాలేదు. మూడోసారి అర్థమై ఉత్తరం క్లైవ్ చేతిలో పెట్టాను.

క్లైవ్ అయితే కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ సాయంత్రం మా యూనియన్ ప్రతినిధి ఇంతియాజ్ వచ్చాడు. అతనిది మిల్లింగ్ మిషను. పుట్టి పెరిగిందంతా మాకు రెండు వీధుల అవతలే. వంటగది బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. ఇంతియాజ్ దగ్గర నా కాగితాల నకలు ఉంది. గొంతు సవరించుకుని గట్టిగా చదివాడు.

"'సి దగ్గర మళ్ళీ పరదేశి.' ఇది మూడో తారీఖు. 'ఈ వారం పరదేశులు ఎక్కువయ్యారు.' ఇది పదో తారీఖు. ఇదిగో, ఇది చూడు, రెండు గీతలు కూడా కొట్టింది కింద: 'పరదేశులను తీసేస్తే పదకొండు శాతం మిగులు!'" కాగితం బల్ల మీద పెట్టి నా వంక చూశాడు. "ఓట్లకి నిలబడుతున్నావా ఏంటి బెవ్?"

క్లైవ్ మళ్ళీ పడి పడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

"నాకు ఫోన్ చేసిందిలే హెడ్డాఫీసావిడ," అన్నాడు ఇంతియాజ్. "'మీకక్కడ సురక్షితంగా అనిపిస్తోందా?' అనడిగింది. హీటరు పనిచేసిన రోజు అనిపిస్తుందండీ అన్నా."

"ఏముంది, ఉన్నమాట చెప్పేస్తా," అన్నాను. "పరదేశి అంటే ఏంటో చెప్తే వాళ్ళే నవ్వేస్తారు."

అప్పుడు క్లైవ్ నవ్వు ఆపాడు. "డెరెక్ చెక్కముక్కకి నవ్వారా?"

కాగితాలు నా వైపు లాక్కున్నాను.

"చూడు బెవ్. నువ్వు చెప్పావనుకో, సి ఎవరిదంటారు. తర్వాత వారానికి నేనుండను. నువ్వు చెప్పలేదనుకో, నీకొక వార్నింగు. ఏడాది ఫైల్లో ఉండి చెరిగిపోతుంది. వెళ్ళి తల దించుకుని కూర్చో. చదువూ సంధ్యా లేనిదాన్ని, నోటికొచ్చింది రాశాను, తప్పయింది అను. ఒక్క అరగంట."

"నేను పక్కనే ఉంటా," అన్నాడు ఇంతియాజ్. "నేను క్షమించేశానంటా. వాళ్ళ లెక్కలో నాకన్నా పెద్ద పరదేశి ఎవడున్నాడు? నేనే ఊరుకుంటే ఇంకెవరు మాట్లాడతారు?"

సరే అన్నాను. ఇద్దరి మొహాలూ చూసి, నోరు తెరిచి, సరే అన్నాను. ఆ మాట నేను అనలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి వీల్లేదు.

గురువారం పై గదిలో బల్లకి అవతల హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఫిలిప్పా అనే ఆవిడ, ఆమె పక్కన స్టువర్ట్. ఇవతల నేనూ ఇంతియాజూ. ఆవిడ చెడ్డదేం కాదు. మంచినీళ్ళు తనే పోసి ఇచ్చింది. నాకు వినపడుతోందా, కుర్చీ సౌకర్యంగా ఉందా అని అడిగింది. ఇంతియాజ్‌ని ఇక్కడ కూర్చోవడం మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండని రెండుసార్లు అడిగింది. తర్వాత నా కాగితాలు ఒక్కొక్కటీ తీసి, నా రాత నాకే మెల్లగా చదివి వినిపించింది.

"వీటి గురించి మీరేమంటారు?"

"తప్పయింది," అన్నాను. ఇంతియాజ్ ఊపిరి వదిలాడు.

"ఎందుకలా రాశారు?"

చదువూ సంధ్యా లేనిదాన్ని అని ఇక్కడ అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. మూడేళ్ళు బుధవారం బుధవారం బస్సులో పోయి, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని, రాని లెక్కలు తెల్లవారుజామునే లేచి చేసుకుని, నేను వదిలించుకుంటున్నది సరిగ్గా ఆ మాటనే.

"తెలియక," అన్నాను.

"అర్థమైంది." ఆవిడ తల ఊపింది. గొంతులో ఎంత దయ ఉందో చెప్పలేను. "కంపెనీ ఇక మీ చదువుకి సహకరించలేదు. ఈ నివేదిక మీద మా సంతకం వెనక్కి తీసుకుంటాం. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీకి కూడా రాయాల్సి ఉంటుంది, తర్వాత వాళ్ళిష్టం. మీరు బాధపడకండి, బెవర్లీ. డిగ్రీ అందరికీ సరిపడదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు."

వార్నింగు అన్నారు, క్లైవ్ అన్నాడు, ఏడాదికి చెరిగిపోతుందన్నాడు. సంతకం వెనక్కి తీసుకుంటారని ఎవరూ అనలేదు.

"పరదేశి అంటే మనిషి కాదండీ," అన్నాను.

బల్ల కింద ఇంతియాజ్ కాలు నా కాలికి తగిలింది. గట్టిగానే తగిలింది.

నేను చాలా బాగా వివరించాను. ముందు నిర్వచనం, తర్వాత ఉదాహరణలు, తర్వాత అంకెలు, హెలివెల్ నేర్పిన వరసలోనే చెప్పాను. ఇది యార్క్‌షైర్ అంతటా ఉన్న పాత మాటేనని, ఎవరినీ ఉద్దేశించింది కాదని, మిషన్లు ఖాళీగా ఉండే అరగంటలో చేసుకునే చిన్న చిన్న పనులని చెప్పాను. ఎక్కడా తడబడలేదు. చెబుతున్నంతసేపూ ఫిలిప్పా మొహం విప్పారుతుంటే నాకు సంతోషం కూడా వేసింది. ఆమెకి అర్థమవుతోంది, నేను చెబితే అర్థమవుతోంది. పద్నాలుగేళ్ళలో పై గదిలో నేను మాట్లాడుతుంటే ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి.

రాసుకోవడం అయ్యాక తలెత్తి అడిగింది. "సి ఎవరి మిషను?"

"అది చెప్పలేనండి," అన్నాను. అప్పుడు తెలిసింది నాకు, నేనెక్కడున్నానో.

"నాలుగో లేత్," అన్నాడు స్టువర్ట్. అప్పటిదాకా అతను నోరు విప్పలేదు. "క్లైవ్ గ్రీన్‌వుడ్. ఈమె భర్తే." నా వంక చూడకుండా గబగబా అనేసి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు ఇంతియాజ్ నాకన్నా ముందు దిగిపోయాడు. కింద నా కోసం ఆగాడు గానీ నేను దగ్గరికి వచ్చేసరికి తన మిషను వైపు వెళ్ళిపోయాడు. నా రిపోర్టు మీద కంపెనీ సంతకం నాకు మిగిలింది. అపార్థం చేసుకున్నందుకు చింతిస్తున్నామని ఫిలిప్పా మర్నాడు ఉత్తరం కూడా రాసింది.

క్లైవ్ విచారణకీ ఫిలిప్పా, స్టువర్టే కూర్చున్నారట, ఇరవై నిమిషాల్లో అయిపోయిందట. ఎవరి కోసం చేశావని అడిగారట. చెబితే శిక్ష తగ్గించే వీలుందని కూడా అన్నారట. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. ఇవన్నీ ఇంతియాజ్ మా యూనియన్ బోర్డు దగ్గర ఇంకెవరికో చెబుతుంటే విన్నాను. ఇంట్లో క్లైవ్ నాతో అన్నది ఒకటే: "శుక్రవారం ఆఖరంట."

పని మాని వెళ్ళే మనిషిని సాగనంపడానికి మా దగ్గర ఒక పద్ధతుంది. అతను తలుపు వైపు నడుస్తుంటే అందరూ మిషన్లు ఆపి, చేతికందిన స్పానరో సుత్తో బల్లకేసి మోగిస్తారు. అది రిటైరయ్యే వాళ్ళకి. దొంగతనానికి పోయేవాడికి చేయకూడదని పై నుంచి ముందే చెప్పారు. శుక్రవారం రెండింటికి గార్డు ఒకడు క్లైవ్ టూల్‌బాక్సు తెరిచి, ఒక్కొక్క పనిముట్టూ ఎత్తి చూసి, మూసి చేతికిచ్చాడు. క్లైవ్ నాలుగు అడుగులు వేశాడో లేదో మిల్లింగ్ వైపు నుంచి మొదటి దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత షాపు మొత్తం. గాజు తలుపు వేసి ఉన్న నా గదిలో గేజులు బల్ల మీద వణికాయి. పైన స్టువర్ట్ గది కిటికీకి తెర దించి ఉంది.

నేను నా బల్ల దగ్గర నిలబడ్డాను. నా గదిలో ఉన్నవన్నీ సున్నితమైన కొలత సామాన్లు, బల్లకేసి కొట్టకూడనివి. అదొక సాకు. తలుపు తీసి రెండడుగులు వేస్తే స్పానర్లు ఉన్నాయి. క్లైవ్ నా గాజు ముందు నుంచి వెళ్తూ ఇటు చూసి, ఎప్పటిలాగే కనుబొమలెగరేసి, సాయంత్రం బ్రెడ్డు తెమ్మన్నట్టు సైగ చేశాడు.

ఆ తర్వాత ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. పేరు పెట్టి పిలవడం మానేశారు. ముక్క పట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చి, "ఇంజనీరు గారూ, తమరు కొలత చూస్తారా?" అనేవాళ్ళు. "చూశాను, సరిపోయింది" అంటే "ధన్యవాదాలండీ" అని వంగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. పద్నాలుగేళ్ళుగా "ఏయ్ బెవ్" అన్న నోళ్ళు అవి.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. డిస్టింక్షన్. హెలివెల్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నా ప్రాజెక్టు హెడ్డాఫీసుకి నచ్చి భోజనం అరగంటలో షాపు మొత్తానికి కరెంటు కట్టేసే స్విచ్చి పెట్టించారు. నన్ను ప్రాసెస్ ఇంజనీరుని చేసి పై గదుల్లో ఒక బల్ల ఇచ్చారు. క్లైవ్‌కి మొక్కలమ్మే దుకాణంలో కుండీలు సర్దే పని దొరికింది, వారానికి మూడు రోజులు. పునాది గురించి మళ్ళీ ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. టీ మాత్రం పెట్టేవాడు.

జూలైలో ఊరి పార్కులో పాత ఆవిరి బళ్ళ ప్రదర్శన జరుగుతుంది. మా కంపెనీ కూడా ఒక గుడారం వేసి, కొత్త ఇంజనీరుని కదా అని నన్ను నిలబెట్టింది. మధ్యాహ్నం కాళ్ళు లాగుతుంటే కాస్త తిరిగొద్దామని బయల్దేరాను. నమూనా బళ్ళ దగ్గర జనం మూగి ఉన్నారు. రోడ్డు ఇంజనుకి పావు వంతు నమూనా, ఆకుపచ్చ రంగు, ఇత్తడి మెరుస్తోంది, పొగ వస్తోంది. వెనక కట్టిన చిన్న బండిలో పిల్లలు ఎక్కి కేరింతలు కొడుతున్నారు. దాని వెనక పీట మీద గళ్ళ టోపీ పెట్టుకుని స్టువర్ట్. పక్కన అట్ట మీద అందంగా రాసి ఉంది: "పూర్తిగా స్వహస్తాలతో తయారుచేసినది. స్టువర్ట్ ఐన్లీ."

బండి ఆగినప్పుడు దగ్గరికెళ్ళి వెనక చక్రం దగ్గర వంగాను. పద్నాలుగేళ్ళు క్లైవ్ చేసిన ప్రతి ముక్కా నా చేతి మీదుగా పోయింది. అందరూ పై అంచు పదును తీసి వదిలేస్తారు. అతను చెయ్యి పోని లోపలి అంచుకి కూడా తీస్తాడు, ఎవరికీ కనపడదని తెలిసీ తీస్తాడు. చక్రం లోపలివైపు అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాను. నున్నగా ఉంది. రెండో చక్రానికీ అంతే. ఆరు వారాల గీత మొత్తం, పన్నెండూ పది నుంచి పన్నెండూ నలభై దాకా, నా వేలి కింద ఉంది.

"ముట్టుకోకు బెవ్," అన్నాడు స్టువర్ట్. "వేడిగా ఉంటుంది."

చక్రం చల్లగానే ఉంది. అతను నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. ఒక పిల్ల ఇంకో రౌండు కావాలని ఏడుస్తుంటే ఈల వేసి బండి కదిలించాడు.

ఇంటికొచ్చేసరికి క్లైవ్ సింకు దగ్గర బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. కోటు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాను.

"స్టువర్ట్ బండి చూశాను."

చాకు ఆగలేదు. "నడిచిందా?"

"నడిచింది."

"వెనక చక్రాలు ఊగాయా?"

"లేదు."

"ఊగవు," అన్నాడు. తనకి తాను చెప్పుకున్నట్టు తల ఊపాడు.

"క్లైవ్, ఆ గదిలో అతను నీ ఎదురుగానే కూర్చున్నాడు కదా. నీ పేరు చెప్పింది అతనే. నువ్వొక్క మాట అనుంటే, ఇది ఇతనిదే అనుంటే, నిన్ను తీసేసే కాగితం అక్కడే చింపేసేవాళ్ళు."

"పరదేశి ఎవరిదో చెప్పరు."

"ఇరవయ్యేడేళ్ళ పని పోతుంటే కూడానా? నోరెందుకు విప్పలేదు?"

తొక్క తీసిన దుంప నీళ్ళలో వేసి, ఇంకొకటి చేతిలోకి తీసుకున్నాడు.

"చెప్పడానికి ఇంటికొకరు చాల్లే, బెవ్."

కోపంగా అనలేదు. అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, ఆ రాత్రికి పోట్లాట అయినా అయ్యేది. దుంపలు తొక్క తీయడం పూర్తిచేసి, గిన్నె పొయ్యి మీద పెట్టి, నాకెన్ని వెయ్యమంటావని అడిగాడు.